ట్యాబ్ మీటతో అత్తగారి తగువు

అచ్చుకు పుస్తకాలు కూర్చి ఇచ్చే ఆ చిన్న దుకాణం కోడలిది. అందులో ప్రూఫులు దిద్దేది అత్తగారు. దిద్దడంతో ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. అరవై దాటాక, మౌసుతో పనిలేని నల్ల తెర ముందు కూర్చుని, ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్ చేత పని చేయించడం పట్టుబట్టి నేర్చుకుంది. మరి గర్వం ఉండదా? ఉంది, కాస్త ఎక్కువే ఉంది.

ఆవిడకు పడనిదల్లా ట్యాబ్ మీట. ఫైలు పేరులో మొదటి అక్షరాలు కొట్టి దాన్ని నొక్కితే మిగతా పేరు అదే నింపాలి. నింపేది, సగం దాకా. కోడలు ప్రతి ఫైలుకీ ముందు ‘ఖరారు’ అని, వెనక తేదీ పెట్టేది. ట్యాబ్ ‘ఖరారు’ దాకా వచ్చి, ఉన్నవాటిలో ఏదో తేల్చుకోలేక టింగుమని నిలబడిపోయేది. సగం చెప్పి నోరు మూసుకునే మొండిఘటమని అత్తగారు రోజూ దాన్ని తిట్టిపోసేది.

ప్రెస్సుకు ఫైలు పంపడం మాత్రం కోడలు ఎవరికీ వదిలేది కాదు. అత్తగారికి అదే కడుపుమంట. ఆవేళ మాత్రం కోడలు తన తల్లి కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉండిపోయింది. పసిపిల్లల మందుల పుస్తకం కోసం ప్రెస్సతను యంత్రం ఆపుకుని కూర్చున్నాడు. ఆ పుస్తకానికున్న రెండు ఫైళ్లలో పాతది బయల్దేరేముందే తీసి ‘పాతవి’ అన్న ఫోల్డర్‌లో పడేశాననీ, మిగిలింది ఒక్కటేననీ, ట్యాబ్ నొక్కి పంపేయమనీ కోడలు ఫోన్‌లో చెప్పింది.

అత్తగారు నొక్కింది. టింగు లేదు, ఆగడం లేదు, పేరు చివరిదాకా వచ్చేసింది. ఇంకొకరైతే సంబరపడి పంపేసేవారు. ఈవిడకు అనుమానం పుట్టింది. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే తగువు లేదు సరే, వెళ్లింది ఎవరు? ప్రెస్సతను ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా ఎత్తకుండా ఫైలు తెరిచింది. జ్వరం మందు పేజీలో, తాను దిద్దిన మోతాదు దిద్దనట్టే ఉంది. దశాంశ చుక్క లేని అంకె. పసిబిడ్డకు పదింతల మందు.

‘పాతవి’లో వెతికితే దిద్దిన ఫైలు అక్కడుంది. కోడలు తొందరలో, ట్యాబ్ ఆగినచోట తేదీ తప్పుగా కొట్టి, కొత్తదాన్నే అందులోకి నెట్టేసింది. అత్తగారు దాన్ని బయటికి తెచ్చి, మోతాదు పేజీ మరోసారి చదివి, ప్రెస్సుకు పంపి, అప్పుడు కోడలికి ఫోన్ చేసింది.

కోడలు “మంచిపని చేశారత్తయ్యా” అని ఫోన్ పెట్టేసింది. ఇంతేనా అని అత్తగారి మనసు చివుక్కుమంది.

అంతలో ప్రెస్సతను ఫోన్ చేశాడు.

“మీ కోడలు ఇప్పుడే చెప్పిందండీ. ఇకమీదట తనే ఫైలు పంపినా సరే, మిమ్మల్ని అడక్కుండా యంత్రం తిప్పొద్దంది.”

అత్తగారికి ప్రతి మాటా శుభ్రంగా వినపడింది.

“యంత్రం చప్పుడులో సరిగా వినపళ్లేదు బాబూ. మళ్లీ చెప్పు.”