స్తంభం ఎక్కమన్నదెవరు

మా ఆయన పేరు లేవి. ఊళ్లో వట్టి లేవి అంటే ఎవరికీ తెలియదు, కరెంటు లేవి అనాలి. కరెంటు ఆఫీసులో మాత్రం ఆ పేరుగల మనిషి లేడు. ఆయన పోయాక ఆ సంగతి వాళ్లు నాకు రెండుసార్లు చెప్పారు, మొదటిసారి నాకు అర్థం కాలేదేమోనని.

మాది ఓర్వకల్లు దాటి లోపలికి పోయే ఊరు. చుట్టూ రాళ్లగుట్టలు, బోర్ల కింద ఉల్లి, మిరప. పద్దెనిమిది ట్రాన్స్‌ఫార్మర్లు. ఇట్లాంటి ఊళ్లు లైన్‌మేన్ సారుకు ఆరున్నాయి, పైగా మోకాళ్ల నొప్పులు. మా ఆయన పెళ్లికి ముందు స్తంభాలకు గుంతలు తవ్వే కూలి. తీగలు లాగుతూ ఎక్కడం నేర్చుకున్నాడు. అది చూసి సారు, "నువ్వు ఎక్కప్పా, నేను కిందుండి చూసుకుంటా" అన్నాడట. ఇరవై రెండేళ్లు అట్లాగే నడిచింది. రాను రాను సారు కింద కూడా లేడు, ఫోన్లో ఉండేవాడు.

జీతం లేదు. పంట ఇంటికొచ్చే రోజుల్లో రైతులు చాకలికి, మంగలికి కొలిచినట్టే కళ్లంలో ఈయనకూ ఇన్ని జొన్నలు కొలిచేవాళ్లు. దాన్ని మేర అంటారు. మా మామ ఆ కాలంలో బావుల్లో నీళ్లు తోడే తోలు బానలు కుట్టి మేర తీసుకున్నాడు. కరెంటు మోటర్లు వచ్చి అది ఆగిపోయింది. ఆ మోటర్లతోనే కొడుకు, అంటే మా ఆయన, మేర మళ్లీ అందుకున్నాడు. మొదటి ఏడాది ఆ జొన్నల సంచి గడపలో దించి నాతో అన్నాడు: "జీతమైతే కూలోనికి గూడా ఇస్తారే. ఇది ఊరి మనిషికే ఇస్తారు."

నిజం చెప్పాలంటే ఆయనకు ఆ పని మీద పిచ్చి. కాలిపోయిన ఫీజు మార్చి కిందికి దిగాక వెంటనే ఇంటికి వచ్చేవాడు కాదు. అక్కడే నిలబడి మోటర్లు ఒక్కొక్కటే మొదలయ్యే చప్పుడు వినేవాడు. ఇది గోపన్న బోరు, అది పెద్ద ఈరన్నది, కొంచెం మూలుగుతాది అని నాకు చెప్పేవాడు. నేను వంట చేసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

మా తమ్ముడు దావీదురాజు ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ లోడింగులో ఉన్నాడు. మూడేళ్ల కింద వచ్చి అడిగాడు.

"బావా, ఈ స్తంభాలెక్కి ఏం సంపాదించినావు? ఆడికొస్తే కార్డిస్తారు, పీఎఫ్ కడతారు. దెబ్బ తగిల్తే ఆస్పత్రి."

"పనేంది?"

"సంచులు లారీకెక్కించేది."

"ఆ సంచి నన్ను పేరు పెట్టి పిలుస్తాదా?"

మా తమ్ముడు నవ్వాడు. "ఈడ పిలుస్తాండారు లే, కరెంటు పోయినప్పుడంతా. వచ్చినాక ఎవురన్నా పిలిచినారా?"

"వరమ్మా, మీ తమ్మునికి సిమెంటు తలకెక్కింది, సల్లటి మజ్జిగియ్యి" అన్నాడు మా ఆయన. తమ్ముడు పోయాక నేనే అడిగాను, మన పాపను చూసైనా పో అని.

"నేను పోతే ఇన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఎవరు చూస్తారే?"

"ఎవురో ఒకరు చూస్తారు."

ఆ మాటకు చొక్కా వేసుకొని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

పోయిన ఏడు సెప్టెంబరులో వాన మొగం చాటేసింది. మధ్యాహ్నం ఆయన అన్నం తింటుంటే పెద్ద ఈరన్న ఫోను. గొంతు నా దాకా వినపడింది. "ఏమప్పా లేవీ, యాడుండావు? నా బోరు కాడ తీగ తెగింది. గడ్డ ఊరే టైములో ఉల్లి ఎండిపోతాండాది."

"వస్తాండా అన్నా. సారుతో చెప్పి లైను ఆపిస్తా."

సారుకు ఫోను చేశాడు. "ఆపించినారు గదా సార్? ఎక్కుతా మరి" అన్నది నేను విన్నాను. అన్నం సగంలో వదిలి, చొక్కా వేసుకుంటూ పోయాడు. సారు ఆపించింది పక్క లైను. ఈరన్న స్తంభం కిందనే నిలబడి ఉన్నాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

మట్టి చేసిన రోజు ఈరన్న మా వాకిట్లో గట్టిగా ఏడ్చాడు. "నా కండ్ల ముందరే పడిపాయె. నేను పిలిస్తేనే వచ్చినాడు. యాడికి రమ్మన్నా వచ్చి చెప్తా వరమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకొని నాలుగు నెలలు ఉన్నాను. నాకు కావలసింది ఒకటే. లేవి పని మీద చనిపోయాడని ఎక్కడో ఒకచోట రాయాలి. ఇరవై రెండేళ్లు చేసింది పని అని రాయాలి.

జనవరిలో కర్నూలు ఆఫీసులో విచారణ పెట్టారు. బల్ల వెనక అధికారి, గోడకు ఆనుకొని లైన్‌మేన్ సారు, ఎదురుగా ఈరన్న, నేను.

"స్తంభం ఎక్కమన్నదెవరు?" అని అడిగాడు అధికారి.

ఈరన్న మొదట లైన్‌మేన్ సారు వైపు చూశాడు. "ఎవురూ చెప్పలేదు సార్. వానికి అలవాటు. వాడే ఎక్కుతుండె."

"మీరు జీతం ఇచ్చేవాళ్లా?"

"లేదు సార్. పాపం పేదోళ్లని, కళ్లంలో ఇన్ని జొన్నలు ధర్మంగా పెడతాంటిమి."

అధికారి నా వైపు తిరిగి, మీరేమైనా చెప్తారా అన్నాడు. నేను చదివింది ఐదో తరగతి.

"ధర్మానికైతే అన్నం ఇడిసిపెట్టి ఎందుకు పోతాడు సార్?" అన్నాను.

"అది రాయడానికి ఇందులో చోటు లేదమ్మా" అన్నాడు. కసురుకోలేదు. కాగితం చదివి వినిపించాడు. సంస్థతో సంబంధం లేని వ్యక్తి, ఎవరూ చెప్పకుండా స్తంభం ఎక్కి మరణించాడు అని ఉంది. కింద నా సంతకానికి గీత.

"పెట్టు వరమ్మా" అన్నాడు లైన్‌మేన్ సారు. "నా ఉద్యోగం నిలబడితేనే గదా రేపు నీకేదన్నా చేసేది."

నేను పెట్టలేదు. పెట్టకపోయినా ఆ కాగితం పోవలసిన చోటికి పోతుందని అధికారి చెప్పాడు. భార్య నిరాకరించింది అని నా ముందే ఒక లైను రాసుకున్నాడు.

మనిషికి పనే విలువ ఇస్తుందంటారు. మా ఆయన ఉత్సాహం చూసి ఊరు నేర్చుకున్నది మాత్రం ఒకటే, పిలిస్తే వస్తాడని. ఎర్రగుంట్లకు పోయుంటే సంచులు మోస్తూ, దుమ్ము మింగుతూ, ఏ పేరూ లేకుండా ఉండేవాడు. ఉండేవాడు కదా. నాకది చాలు.

సాయంత్రం మా ఊరి బస్సుకు ఈరన్న ముందే ఎక్కి కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. "కూచో వరమ్మా" అన్నాడు, తల పైకెత్తకుండా. "లోపల అట్లా చెప్పకపోతే కేసు నా మీదికొస్తాదంట. నాకు మాత్రం వాడు దేవునితో సమానం."

"ఇది గూడా ధర్మానికేనా అన్నా, సీటు?"

బస్సులో సగం మంది మా ఊరోళ్లే. అందరూ విన్నారు, అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారు. ఈరన్న మళ్లీ కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. ఓర్వకల్లులో జనం దిగి బస్సు సగం ఖాళీ అయింది. "కూచోండి, ఎందుకట్ల నిలబడినారు?" అని కండక్టరు విసుక్కున్నాడు. ఊరొచ్చేదాకా ఇద్దరం నిలబడే వచ్చాం.