వంటింట్లో వ్యాగన్ అక్షరాలు

నా చిన్నప్పుడు మా వంటింటి అల్మరాలోకి ఓ గూడ్స్ బండి వచ్చి చేరింది. అదెందుకు వచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ సగమే అర్థమైంది.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో, నాన్న ఉద్యోగానికి ఇచ్చిన రైల్వే క్వార్టరులో ఉండేవాళ్లం. మా తాతయ్య వర్క్‌షాపులో పెయింటరు. రేకులో అక్షరం ఆకారం కోసి, దాన్ని వ్యాగన్‌కు ఆనించి, తెల్లరంగు అద్దడం ఆయన పని. ఆ అక్షరాలకు వయ్యారం ఉండదు. లావుగా, మూలలు తేలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ, బరువులెత్తే కళాసీల్లా ఉంటాయి. వానలోనైనా పొగలోనైనా గార్డుకి దూరం నుంచే కనబడాలి కదా మరి. రిటైరయ్యాక తాతయ్య చేతులు ఊరుకునేవి కావు. అన్నం తింటూ కంచం అంచు మీద కూడా వేలితో ఏదో రాస్తూ ఉండేవాడు.

అదే రోజుల్లో మా మామ్మకు, అంటే తాతయ్య భార్యకు, చూపు మందగించింది. ఆ సంగతి చచ్చినా ఒప్పుకునేది కాదు. ఒకనాడు పక్కింటి బెంగాలీ దీదీ వస్తే టీలో పంచదారకు బదులు ఉప్పు వేసి ఇచ్చింది. దీదీ పాపం మొహం చిట్లించకుండా సగం తాగింది. ఆవిడ వెళ్లాక మా అమ్మ, "ఇంక నువ్వు పొయ్యికాడికి రాకత్తా, కూకో. నేను సూసుకుంతాను," అంది. ఆ మాటలో కోపం లేదు. అయినా మామ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తన చేత్తో వండని ఇంట్లో తాను చుట్టమే అని ఆవిడ బాధ.

మర్నాడు తాతయ్య రేకు, ఉలి ముందేసుకుని కూర్చున్నాడు. అల్మరాలో ఉన్న డబ్బాలన్నిటికీ నల్లరంగు పూసి, వాటి మీద అరచెయ్యంతేసి తెల్లటి తెలుగు అక్షరాలు వేశాడు. ఉప్పు, కారం, పంచదార, కందిపప్పు. అంతటితో ఆగాడా? వ్యాగన్ మీద వేసినట్టే, ఎంత సరుకు పడుతుందో కూడా కింద వేశాడు. ఇల్లంతా టర్పెంటైన్ వాసన. "ఇది వంటిల్లా, యార్డా?" అని అమ్మ తల పట్టుకుంది.

నా తికమక వేరే. మా బడిలో తెలుగు లేదు. మాట్లాడటమే గాని చదవడం నాకు రాదు. ఆ డబ్బాలే నా పలకలయ్యాయి. గోడ మీది క్యాలెండరులో తెలుగు గుండ్రంగా ఉంటే, డబ్బాల మీద నలుపలకలుగా ఉంది. రెండూ ఒకే భాషేనా అని నాకు అనుమానం. పైగా కారంలో సున్న రెండు ముక్కలై ఉంది.

"ఏటి తాతా, సున్న ఇరిగిపోనాది?" అని అడిగాను.

"ఇరగనేదే గుంటా. రేకులో సున్న సుట్టూ కోసేస్తే నడుమ ముక్క రాలిపోతాది. కొయ్యకుండా ఒగ్గేసిన కాసింతే దాన్ని అట్టుకుని ఉంతాది," అన్నాడు. ఏమీ అర్థం కాకపోయినా తలూపాను.

ఏమైతేనేం, అక్షరాలు పనిచేశాయి. మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, పెరట్లో ఉన్న తాతయ్యకు వినబడేలా, "ఉప్పు, కారం, పంచదార" అంటూ వరసగా గడగడా చదివేది. టీ టీలాగే ఉండేది. కొన్నాళ్లు చూసి అమ్మ పొయ్యి మళ్లీ మామ్మకు అప్పజెప్పింది. మామ్మ మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఓ రోజు అమ్మ అల్మరా కడిగి, డబ్బాలు తోచినట్టు సర్దేసింది. మామ్మ ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి చదివింది. చదివింది పాత వరసే. ఆవిడ ఉప్పు అన్నచోట కందిపప్పు ఉంది! ఆ మాటే మెల్లగా ఆవిడ చెవిలో అన్నాను. మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి లాగింది.

"సెప్పకే అమ్మా, ఎవుల్తోనీ సెప్పకు. ఆ రాతలు నాకు కనపడవు. డబ్బా ఊపి సూస్తాను, నాలిక్కి అద్దుకుంతాను. మీ తాత సేతులికి ఇన్నాళ్లకి పని దొరికినాది. అది పోకూడదు," అంది.

మామ్మ కోసం కదా తాతయ్య రాసింది? మరి తాతయ్య కోసం మామ్మ చదవడమేమిటి?

ఆ సాయంత్రం తాతయ్య వంటింట్లోకి వచ్చాడు. అల్మరా వంక కాసేపు చూశాడు. చప్పుడు కాకుండా డబ్బాలన్నీ పాత వరసలోకి మార్చాడు. నేను అక్కడే ఉన్నాను. మర్నాడు రంగు లేచిపోయిన చోట మళ్లీ అద్దుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత అమ్మ ఎప్పుడు అల్మరా సర్దినా ఇదే తంతు.

తాతయ్యకు తెలుసని మామ్మకు తెలుసో లేదో నాకు తెలియదు. వాళ్లున్నన్నాళ్లూ అడగడానికి నోరు రాలేదు. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

డబ్బాల మీద నేర్చుకున్న తెలుగు కాబట్టి నా రాతకు ఇప్పటికీ మూలలుంటాయి. సున్న రెండు ముక్కలుగానే పడుతుంది. మొన్న నా మనవరాలు పక్కన కూర్చుని చూసి, "ఇదేటి అమ్మమ్మా, సున్న కలపనేదు?" అంటూ పెన్సిలుతో ఆ సందు పూడ్చబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"కలపకే. నడుమ ముక్క రాలిపోతాది," అన్నాను.

పిల్ల ఏమీ అర్థం కాకపోయినా తలూపింది.