కాలువ నోట తిరిగే తడిక

గడప మీద వద్దు, ఇట్లా చాప మీదికి జరగండి. ఇంకొంచెం దగ్గరికి. పొయ్యిలో నిప్పు కప్పి వచ్చాను, మధ్యలో లేవాల్సిన పని లేదు. నాకు చదువు లేదు. మనవడి పక్కన కూర్చుని ఇసుకలో దిద్దుకున్న నాలుగు అక్షరాలే నా చదువు. కాని చూసిందీ విన్నదీ నన్ను వదిలి పోదు. మా వదిన కాన్పుకు వచ్చిన ఏడు కాలువ నోట జరిగింది చెబుతాను, చెవి ఇటు పెట్టండి.

నేను కాపురానికి వచ్చి మూడో ఏడు, నా పెద్దకొడుక్కు అప్పుడే అడుగులు వస్తున్నాయి. కుంఫిణీ ఏలుబడి పోయి రాణిగారి ఏలుబడి వచ్చిందని ఉడుమలైపేట సంతలో తప్పెట వేసి చెప్పారు. మాకు పెద్ద తేడా ఏమీ కనబడలేదు. కచేరి అదే, తాసిల్దారు అతనే, అమరావతి ఏరూ అదే. ఏటికి అడ్డంగా పాతకాలపు రాతికట్ట, దాని పైన లోతైన మడుగు, మడుగు పక్కన కాలువ నోరు. ఆ నోటికి కావలి మా అత్తగారిల్లు. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో మా మామ చూసేవాడు. అలాంటి మనిషిని నీరటి అంటారు.

ఆ మడుగులో చేపల్ని మా ఇంట్లో తినరు. మా ఇంటి ఆడపిల్ల పెళ్ళయి వెళ్ళేనాడు తలంబ్రాల బియ్యంలో ఒక గుప్పెడు మడుగులో చల్లి వెళ్తుంది. ఆ బియ్యం తిన్న చేపలు ఆ పిల్లకు తోడబుట్టినవాళ్ళతో సమానం. వాటిని ‘ఆడపడుచులు’ అనే పిలిచేవాళ్ళం. కాలువ వదిలినప్పుడు అవి నీళ్ళ వెంట పోతే, పొలంలో నీళ్ళు ఇంకగానే బురదలో కొట్టుకుని చచ్చిపోతాయి. అది ఇంటి ఆడపిల్లకు కీడని మా వాళ్ళ నమ్మకం. అందుకని కాలువ నోట వెదురు బద్దల తడిక నిలిపేవాళ్ళు. నీళ్ళు పోవాలి, చేప పోకూడదు.

చెప్పడానికి సులువే. ఏరు ఊరికే రాదు కదా, పాచీ ఆకూ అలమూ మోసుకొస్తుంది. అదంతా తడికకు అంటుకుని కంబళిలా మూసేస్తుంది. అప్పుడు తడిక ఎత్తి, దులిపి, మళ్ళీ దించేవాళ్ళు. ఆ కాసేపట్లో నాలుగు చేపలు జారిపోయినా అత్త చూసీ చూడనట్టు ముఖం తిప్పుకునేది.

ఆ ఏడు మాత్రం తిప్పుకోలేదు.

మా ఆయన అక్క, మా వదిన, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అంతకుముందు రెండు కాన్పులూ బిడ్డ దక్కలేదు. మా అత్త కాలువ నోటి రాతికి వదిన పేరిట పసుపుతాడూ వేపమండా కట్టి మొక్కుకుంది. బిడ్డ పుట్టి ఏడ్చేదాకా ఒక్క చేపా మడుగు దాటకూడదు, తడిక ఎత్తకూడదు. ఆ తాడును ఎవరూ ముట్టకూడదు. మొక్కు తీరినాక, ఎవరి పేరిట కట్టారో ఆ మనిషే తెంచాలి.

ఆడినెలలో, అదే ఆషాఢంలో, ఏటికి కొత్తనీళ్ళు వచ్చాయి, వాటితో పాటే పాచీ వచ్చింది. నేనూ మా ఆయనా గట్టు మీద నిలబడి కొక్కెం కట్టిన గడతో గీరేవాళ్ళం. పొద్దున గీరింది మధ్యాహ్నానికి మళ్ళీ మూసుకుపోయేది. కాలువలో నీళ్ళు సన్నబడి, చివరికి చీలమండ కూడా తడవనంత అయ్యాయి. మా పైవూరికి ఎలాగో అందుతున్నాయి. కాలువ తోకన ఉన్న కిందూరికి చుక్క పోవడం లేదు.

చిక్కంతా ఏమిటంటే, ఆ కిందూరే మా వదిన అత్తవారి ఊరు.

ఒకరోజు పొద్దున్నే వదిన మామగారు వచ్చాడు. పెద్ద మీసాల మనిషి, గొంతు గట్టిది. తిన్నె మీద కూర్చోలేదు, మజ్జిగ ముట్టలేదు.

“చెల్లా, నీ కూతురి కడుపు సల్లంగా ఉండాలని నేనూ కోరేవాడినే. అయితే మా నారుమళ్ళు మాడిపోతా ఉండాయి. తడిక ఎత్తించు.”

“ఎత్తేది లేదన్నా. మొక్కు.”

“నీ సేపలకి నిండా నీళ్ళు. నా మనవడికి అన్నం వద్దా?”

“మనవడు ముందు పుట్టాల గదా!”

“పుట్టి యాడికి వస్తాడు, ఎండిన ఊరికా?” అని ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. “సరి, విను. వచ్చే సంత లోపల నీళ్ళు రాకుంటే నీ పిల్ల నీ ఇంట్లోనే ఉండనీ. బిడ్డకు పేరు పెట్టేదానికి మా ఊరి కాకి కూడా ఇట్లా రాదు. కచేరికి పోయి ఈ నీరటి పని ఇంగొకరికి ఇయ్యమంటాం.”

లోపల రాట్నం చప్పుడు ఆగిపోయింది. వదిన కదురు పట్టుకుని అట్లాగే కూర్చుంది. నేను పక్కనే పత్తి విడదీస్తున్నాను. “పుట్టింటి సేప బతికితే అత్తగారింటి పైరు సావాల,” అంది మెల్లగా, “నా బతుకు సూడు పిల్లా.”

మా మామ మాట తక్కువ మనిషి. ఆ రోజంతా గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళను చూశాడు. మర్నాడు కొట్టంలో మూలపడిన పాతబండిని విప్పాడు. దాని రెండు చక్రాలనూ ఇరుసు మీద కాస్త ఎడంగా పెట్టి, చుట్టూ వెదురు తడిక చుట్టి, కొబ్బరి తాడుతో బిగించాడు. చూడ్డానికి పెద్ద డోలులా ఉంది. దాన్ని కాలువ నోట అడ్డంగా, సగం మునిగేట్టు పెడితే తిరుగుతూ ఉంటుందట. పాచి దాని వీపెక్కి అవతల పడుతుంది, నీళ్ళు సందుల్లోంచి పోతాయి, చేప ఇవతలే ఉంటుంది. తిప్పడానికి మనిషి అక్కరలేదు, పక్కన చెక్క రెక్కల చక్రం ఒకటి పెట్టి, రెండింటికీ కలిపి తాడు తగిలిస్తే ఏరే తిప్పుతుంది.

పెరట్లో తొట్టి దగ్గర చిన్నది చేసి చూస్తే అది తిరిగింది, కాని ఎదురువైపు తిరిగింది. ఆకులు పైకెక్కకుండా కిందికి లాక్కుపోయి ఇరుక్కుంది. మామ తల పట్టుకున్నాడు. వదిన రాట్నం దగ్గరినుంచి, “నాయినా, నడిమి తాడుకు ఒక మెలి వెయ్యి. ఇది ఇట్లా తిరిగితే అది అట్లా తిరగతాది,” అంది. రాట్నం తాడుకు మెలివేసి చూపించింది కూడా. మామ అది చూసి, పిల్లప్పుడు చేసినట్టు ఆమె తల మీద చెయ్యి వేసి, తాడుకు మెలి వెయ్యడానికి వెళ్ళాడు.

సంత దగ్గరపడిన పొద్దున ఆ తడిక చక్రం ఎత్తుకుని కాలువ నోటికి వెళ్ళారు. రెండూళ్ళ జనం చెరొక గట్టున. కిందూరి వాళ్ళ చేతుల్లో గడ్డపారలున్నాయి. ఇరుసు కూర్చోవాల్సిన రాయి పసుపుతాడు కట్టిన రాయే.

“తాడు కొంచెం పైకి జరపతా,” అన్నాడు మామ.

“ముట్టగూడదు,” అంది అత్త.

“ఇరుసుకు తగలతాదే.”

“తగలనీ. అమ్మవారి తాడు సక్రానికి అడ్డమా?”

మామ ఆమెతో వాదించి గెలిచిన రోజు లేదు. చక్రం దించారు. వెనకనున్న పాత తడిక పీకారు. మధ్యలో ఒక్క చేపకూ సందివ్వలేదు కాబట్టి అత్త అడ్డు చెప్పలేదు. రెక్కల చక్రం కదిలింది, మెలిపడిన తాడు బిగిసింది, డోలు కిర్రుమని ఒక చుట్టు తిరిగింది. పాచి దాని వీపెక్కి అవతల పడింది. కాలువలో నీళ్ళు నిండుగా దూకాయి. కిందూరి కుర్రవాళ్ళు ఈలలు వేశారు. మీసాల పెద్దాయన కూడా “ఆమా, తిరగతా ఉండాదే!” అని ఒప్పుకున్నాడు.

నేనూ వదినా అప్పుడే సంగటి తట్టతో గట్టెక్కాం. ఎండలో నడిచి వచ్చి ఆమె నడుం పట్టుకుని రొప్పుతోంది.

సరిగ్గా అప్పుడే పసుపుతాడు కొస గాలికి ఊగి ఇరుసుకు తగిలింది. తగిలి చుట్టుకుంది. వేపమండతో సహా రాతికీ ఇరుసుకూ మధ్య ముద్దలా దిగబడింది. చక్రం ఒకసారి గింజుకుని నిలిచిపోయింది.

ఈలలు ఆగిపోయాయి. పాచి వచ్చి మీద పడుతోంది, ఒక పొర మీద ఇంకో పొర. మడుగులో నీళ్ళు పొంగి గట్టు అంచుకు ఎగబాకాయి. గట్టు పక్కన మన్ను తడిదేరి ఊరడం మొదలుపెట్టింది. గట్టు తెగితే కిందూరికే కాదు, మాకూ నీళ్ళుండవు, మా ఇళ్ళూ ఉండవు.

“పగలగొట్టండ్రా!” అని కిందూరి వాళ్ళు గడ్డపారలతో దిగబోయారు. అత్త పరుగెత్తి వాళ్ళకు అడ్డంగా బురదలో కూర్చుంది.

“నన్ను పొడిచి పోండి! సేపలన్నీ పోతే నా బిడ్డ కడుపు ఏమయితాది?”

“ఆ తాడు కొయ్యి చెల్లా, సక్రం వదిలిపెడతాం!”

“నేను కొయ్యగూడదు. నువ్వూ కొయ్యగూడదు.”

మామ కొడవలి చేతబట్టుకుని నిలబడ్డాడు, అతని చెయ్యి పైకి లేవడం లేదు. వదిన నా చేతిలోని తట్ట కింద పెట్టించి, తండ్రి దగ్గరికి వెళ్ళి కొడవలి తీసుకుంది.

“ఏమే, నువ్వు యాడికి?” అత్త కేక.

“నా పేరున కట్టిన తాడు గదమ్మా. నేను తెంచొచ్చు.”

“మొక్కు తీరలేదే! బిడ్డ ఇంగా...”

“బిడ్డ యాడికి పోవాల్నో ఆడికి ముందు నీళ్ళు పోనీ.”

నిండు చూలాలు నడుం లోతు నీళ్ళలోకి దిగింది. నేను ఆమె కొంగు ముంజేతికి చుట్టుకుని వెనకే దిగాను. కాళ్ళ కింద రాళ్ళు జారుతున్నాయి. ఆమె ఎడమచేత్తో రాతిని పట్టుకుని కొడవలి మొన ముద్దలోకి దించింది. ఒక పోగు తెగింది, ఇంకోటి తెగింది. కడపటిది తెగగానే చక్రం గుర్రంలా తన్నింది. ఆమె వేళ్ళు పోయాయే అనుకున్నాను. కొంగు పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం రాతికి కొట్టుకుని నిలిచాం. వేళ్ళున్నాయి.

చక్రం తిరిగింది. పేరుకున్న పాచి అంతా ఒక్కసారి పైకెక్కింది. ఆ పాచిలో చిక్కుకుని ఒక చేప. తెల్లగా, మోచేయంత. అందరి కళ్ళముందే చక్రం వీపెక్కి, ఎండలో ఒకసారి మెరిసి, అవతల కాలువలో పడింది. నీళ్ళలో తోక విదిలించి వెళ్ళిపోయింది.

అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమె కళ్ళు వదిన కడుపు మీదే ఉన్నాయి.

వదిన తడిబట్టలతో గట్టెక్కి తల్లి పక్కన కూలబడింది. “యాలమ్మా ఏడస్తావు? అదీ అత్తగారింటికి పోయింది, అంతే గదా.”

అప్పుడు ఆ మీసాల పెద్దాయన చెప్పులు విడిచాడు. చేతిలో గడ్డపార పక్కవాడికిచ్చి కాలువ గట్టున కిందికి నడక మొదలుపెట్టాడు. “ఎవరైనా వల వేశారో, బుట్ట పెట్టారో, సూస్తా!” అని అరుస్తూ పోయాడు. “మా ఇంటికి కోడలు వస్తా ఉండాది. దారి వదలండ్రా!”

కిందూరి వాళ్ళు నవ్వారు. మా అత్త నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే వదినకు నొప్పులు మొదలయ్యాయి.

ఆ పొద్దంతా అత్త మంచినీళ్ళు ముట్టకుండా మంత్రసాని పక్కనే కూర్చుంది. నేను నీళ్ళు కాచి అందిస్తూ ఉన్నాను. పొద్దు వాలేవేళకు బిడ్డ వచ్చింది. ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది. ఏడవలేదు. వదిన తల ఎత్తి చూస్తోంది. బయట కాలువ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. మళ్ళీ తట్టింది. అప్పుడు ఆ పిల్ల, ఆడపిల్ల, పిల్లి కూసినట్టు ఒక కూత పెట్టి, ఆపైన ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. అత్త గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో చెప్పలేను.

పేరు పెట్టేనాడు కిందూరి వాళ్ళంతా వచ్చారు. నారు పచ్చగా ఉందన్నారు. మీసాల పెద్దాయన అత్త పక్కన కూర్చుని చెప్పాడు. “నీ ఆడపడుచును మా దిగుడుబావిలోకి చేర్చినాను చెల్లా. మహా గర్వం దానికి. బియ్యం చల్లితే గాని పైకి రాదు.”

“మా ఇంటి పిల్ల గదన్నా,” అంది అత్త. ఆ ఏడు నేను ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

ఆ తడిక ఇప్పటికీ తిరుగుతోంది. బద్దలు మార్చారు, తాడు మార్చారు, ఇరుసు మాత్రం అదే. పసుపుతాడు ఇప్పుడు రాతికి కట్టరు, గట్టు మీది వేపచెట్టుకు కడతారు. ఆ రోజు ఏడవడానికి అంత తాత్సారం చేసిన పిల్ల, మేనరికం కదా, పెరిగి నా పెద్దకొడుక్కు ఇల్లాలై మా గడప తొక్కింది. కిందికి పోయిన నీళ్ళు పైకి రావంటారు. మా ఇంటికి వచ్చాయి. లోపల పొయ్యి దగ్గర గాజుల చప్పుడు వినబడుతోందా, ఆమే.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ కాలువ నోట పాచి చేరకుండా ఉండాలి. మీ ఇంట పుట్టిన పిల్లలు పోయినచోట నీళ్ళుండాలి, మీ ఇంటికి వచ్చిన పిల్లలకు మీ నీడ చల్లగా ఉండాలి. మీ తొట్టిళ్ళలో ఏడుపు గట్టిగా వినబడాలి, పదికాలాలు.