వెళ్ళిపోయే పిల్లకు ఆఖరి పాట

మా అమ్మవారి గుడి భజన బృందం నుంచి ఏ పిల్లయినా వెళ్ళిపోతే నేను దాని మొహం చూసేదాన్ని కాదు. పెళ్ళయి వెళ్ళినా అంతే, ఉద్యోగం వచ్చి వెళ్ళినా అంతే. తెలుగు చదవడం రాని పిల్లలకి పాటలన్నీ బర్మా అక్షరాల్లో రాసిచ్చి, ఏళ్ళ తరబడి గొంతు సరిచేసి, తీరా పాట ఒక దారికొచ్చే వేళకి "సయామా, వచ్చే వారం నుంచి రాను" అంటే ఒళ్ళు మండదూ? సయామ అంటే ఇక్కడ బర్మాలో టీచరమ్మ. ఆ మరుసటి ఆదివారమే అది వాయించే తాళాలు ఇంకో పిల్ల చేతిలో పెట్టి, దాని ఊసెత్తకుండా పాట మొదలుపెట్టేదాన్ని.

అలా పోయినవాళ్ళు చాలామంది. లమ్మడా పేటలో నా దారాల కొట్టు ముందునుంచే వెళ్తూ తల తిప్పేసుకునేవారు. పోతే పోయారు అనుకునేదాన్ని. అబద్ధమెందుకు, కొట్టు మూసేదాకా వాళ్ళు వెళ్ళిన దారికేసే చూసేదాన్ని. పైకి చెప్పుకునే రకాన్ని కాను, అదే నాకున్న రోగం.

ఆ రోగం కుదిర్చింది జపాను ఆడపిల్లలంటే నవ్వుతారు. నవ్వండి. నేను మాత్రం వాళ్ళకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

నా చెల్లెలి కూతురు సాయంత్రాలు కొట్లో నాకు సాయంగా ఉంటుంది. తెలుగంతా అర్థమవుతుంది గానీ మాట్లాడితే సగం బర్మాయే, దాని మాటలు తెలుగు చేసి చెప్తున్నాను. కరెంటు వచ్చిందంటే చాలు, ఫోను ఛార్జింగుకి పెట్టి జపాను ఐడల్ గ్రూపులని, ఆడిపాడే ఆడపిల్లల బృందాల్ని చూస్తూ కూర్చుంటుంది. ఒకరోజు నేనూ తొంగిచూశాను. ఒకే రకం గౌన్లు వేసుకుని నలభైమంది పిల్లలు గెంతుతున్నారు.

"ఓలమ్మ, ఇంతమంది కలిసి ఒక్క పాటా? ఒక్కత్తికీ సరైన గొంతు నేదే!" అన్నాను.

"గొంతు కోసం కాదు పెద్దమ్మా. నిన్న రాని పిల్ల ఇయాల ఎలా నేర్చుకుందో సూడ్డానికొస్తారు జనం."

అది చెప్పిన సంగతులు విని నాకు మతిపోయింది. ఒకే సీడీని ఒకే మనిషి పది కొంటాడట, లోపల తనకి నచ్చిన పిల్లతో చెయ్యి కలిపే టికెట్టు ఉంటుంది కనక. పెద్ద పెద్ద గాయకుల పాటల్ని పక్కకి నెట్టి వీళ్ళ పాటలే పైకొస్తాయట. జపాను పాటల వ్యాపారం నడకే వీళ్ళు మార్చేశారట. "సాల్లే, అది సంగీతమేటి, సంత!" అని కసిరి పంపేశాను.

తరవాత కొన్నాళ్ళకి మా బృందంలో అందరికన్నా బాగా పాడే పిల్ల కొట్టుకొచ్చింది. బోటాటౌంగ్ పేట పిల్ల, తండ్రి అక్కడి గోదాముల్లో పనిచేస్తాడు. మాండలేలో ఉద్యోగం వచ్చిందని, వెళ్ళక తప్పదని చెప్పింది. నేను లేసు కొలుస్తున్నాను. కొలుస్తూనే "సరే" అన్నాను, తలెత్తలేదు. ఆ పిల్ల చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అది పోతే ఇక మిగిలేది ఆరుగురు. ఇంకో ఇద్దరు మానేస్తే ముప్ఫయ్యేళ్ళుగా నడుపుతున్న భజన ఆగిపోతుంది.

మా చెల్లెలి కూతురు ఇదంతా చూసి నామీద విరుచుకుపడింది. ఐడల్ గ్రూపులో ఒకమ్మాయి మానేస్తే దాన్ని గ్రాడ్యుయేషన్ అంటారట. ఆఖరి రోజున మధ్యలో నిలబెట్టి పాడిస్తారట, మిగతావాళ్ళు ఒక్కొక్కరే దానివల్ల ఏం నేర్చుకున్నారో చెప్తారట. "పిల్లలు మారిపోతారు పెద్దమ్మా, గ్రూపు ఉంటాది. మనం కూడా సేద్దాం."

"గుళ్ళో అలాటి పనులేటే? మనం ఎల్తానని కూడా అనం, ఎల్లొస్తాను అంటాం. పనిగట్టుకుని సాగనంపితే అశుభం."

"నువ్వు ఎవర్నీ సాగనంపనేదు కదా. ఒక్కలైనా తిరిగొచ్చారా?"

లాగి లెంపకాయ కొట్టినట్టయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి లేచి "సరే, సెయ్యండి" అన్నాను.

ఆదివారం పొద్దున అమ్మవారి గుడి హాల్లో పిల్లలు వరసగా నిలబడి, వచ్చీరాని తెలుగులో ఆ పిల్లకి చెప్పాల్సింది చెప్పారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పిందని ఒకత్తి అంది. పాట మర్చిపోతే కళ్ళతో అందించేదని ఇంకొకత్తి అంది. ముప్ఫయ్యేళ్ళుగా నేర్పేది నేనొక్కదాన్నే అనుకున్నాను, చూశారా నా తెలివి! ఆ పిల్ల మధ్యలో నిలబడి పాడింది. తరవాత నా వంతు. నాలుగు పెద్ద మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ అవన్నీ పక్కన పెట్టేశాను.

"నీ పాట విని ఎన్నో ఆదివారాలు హాయిగా ఇంటికెల్లాను. ఆ రోజు తలెత్తి నీతో మాటాడకపోడం నాదే తప్పు. ఎల్లిరా తల్లీ," అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

అప్పుడు గుడికొచ్చి వెనక కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒకావిడ లేచింది. చంకలో బిడ్డ. పెళ్ళి చేసుకుని బృందం మానేసిన పిల్ల, నేను పలకరించడం మానేసి పన్నెండేళ్ళు. నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"సయామా, నాకేటీ సెప్పనేదు," అంది.

పిల్లలంతా తిరిగి చూస్తున్నా ఆవిడ ఆగలేదు.

"మానేస్తానన్న మరుసటి ఆదివారం పెళ్ళి కార్డు పట్టుకుని వచ్చాను. నా తాళాలు ఇంకోదాని సేతిలో ఉన్నాయి. గుమ్మం కాడ నిలబడి సూసి ఎల్లిపోయాను. ఇప్పుడు నాకూ సెప్పండి."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేదని, తాళం తప్పితే తిట్టేలోపే నవ్వేసేదని, ఆ నవ్వు లేక హాలు చాన్నాళ్ళు బోసిపోయిందని, పెళ్ళి రోజు తెలిసి కూడా పంతం కొద్దీ వెళ్ళనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉందని చెప్పాను. నువ్వు పాడిన పాటలన్నిటికీ దణ్ణమే తల్లీ అన్నాను.

ఆవిడ అంతా విని కొంగుతో మొహం తుడుచుకుంది. బిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది.