స్కూటర్ రైల్లో, సామాను లారీలో

దూరం ఎక్కువైతే రైలు, తక్కువైతే లారీ. బరువు సరుకుకు రైలు, గుమ్మం దాకా రావాలంటే లారీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను ఏటా ఈ పాఠం చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, మార్కులు తెచ్చుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఈ పాఠానికి చిల్లిగవ్వ విలువ లేదు. ఎందుకంటే మా నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడు, మా మామగారు ముప్పై ఏళ్లు గూడ్సు బండికి గార్డుగా చేశారు.

నాన్న నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డవాడు. మామగారిది కోస్తా, రిటైరయ్యాక సైదాబాద్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. వియ్యంకులిద్దరికీ బీపీ ఒకటే, మాత్రా ఒకటే. కలిసి కూర్చుంటే పది నిమిషాలు బాగానే మాట్లాడుకుంటారు. పదకొండో నిమిషంలో ఒకరు లారీ ఎక్కుతారు, ఇంకొకరు రైలెక్కుతారు. వంద లారీల సరుకు ఒక్క గూడ్సు లాగేస్తుందని మామగారు అంటారు. ఆ గూడ్సు మన సందులోకి వస్తుందా అని నాన్న అడుగుతాడు.

మా ఆవిడకు విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు బదిలీ అయింది. అక్కడి సామాను తేవాలి. నాన్న అప్పుడే తన పాత స్నేహితుడి లారీ మాట్లాడేశాడు. మామగారు ఊరుకుంటారా? సామాను ఎలాగైనా తెచ్చుకోండి, నా కూతురి స్కూటర్ మాత్రం రైల్లోనే వస్తుందని పట్టుబట్టారు. స్వయంగా విశాఖ వెళ్లి, ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా తీయించి, బండికి గోనెపట్టా చుట్టి, దబ్బనంతో తానే కుట్టి, అట్టముక్క మీద చిరునామా రాసి కట్టి, బుక్ చేసి వచ్చారు. మంగళవారానికల్లా బండి ఇంటి ముందుంటుందని పార్కులో నడకకు వచ్చేవాళ్లందరికీ చెప్పారు. అక్కడే తప్పు చేశారు.

లారీ ఆదివారం పొద్దున్నే వచ్చింది. వచ్చిందంటే హయత్‌నగర్ దాకా వచ్చింది. పగటిపూట పెద్ద బండ్లు ఊళ్లోకి రాకూడదు కనుక, అంత దూరం ఏకబిగిన పరిగెత్తిన లారీ ఆఖరి పది కిలోమీటర్ల ముందు చతికిలబడింది. ట్రాలీ ఆటో మూడు ట్రిప్పులు వేసి సామాను చేరవేసింది. బీరువా అద్దం పగిలింది. అది పెళ్లినాడే పగిలిందని నాన్న తీర్పు చెప్పాడు. ఆయన లెక్కలో లారీ ఏ వస్తువునూ పగలగొట్టదు, వస్తువులే పగలాలని బయల్దేరతాయి. మామగారు ఆ రోజంతా ఆ అద్దం ముందే నిలబడి తల దువ్వుకున్నారు.

మంగళవారం వచ్చింది, స్కూటర్ రాలేదు. బుధవారమూ రాలేదు, గురువారమూ రాలేదు. నిజానికి మా ఆవిడకు స్కూటర్ లేకపోయినా నష్టం లేదు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగితే ఆఫీసు. మామగారి మాట పోతోంది, అదీ అసలు సంగతి. ఆయన పార్కు మానేసి రోజూ పార్శిల్ ఆఫీసుకు వెళ్లి వస్తున్నారు. నాన్న మహా హుషారుగా ఉన్నాడు. స్కూటర్‌ను ఎవడైనా తోలుకుంటూ వచ్చినా ఈపాటికి రెండుసార్లు వచ్చేవాడన్న మాటను వియ్యంకుడి కోసం సిద్ధం చేసుకుని, మా ముందు అని కూడా చూసుకున్నాడు.

శుక్రవారం మామగారి వెంట నేనూ వెళ్లాను. కిటికీలోని గుమాస్తా రసీదు చూసి, రైల్లో చోటు లేక స్కూటర్ వెనకబడిందని, కాస్త పక్కన కూర్చోమని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. కొబ్బరిబొండాలవాడికి కూడా తాను గార్డునని చెప్పుకునే మనిషి, అక్కడ ఆ ముక్క చెప్పలేదు. వెళ్లి బెంచీ చివర కూర్చున్నారు. నేను చెప్పబోతే చేయి పట్టుకుని ఆపారు. నాకు చాలా బాధేసింది. ఇన్నాళ్లూ ఆయన రైలు కథలు వింటూ ఆవలించినందుకు సిగ్గు కూడా వేసింది.

శనివారం మధ్యాహ్నం స్కూటర్ మా సందులోకి వచ్చింది, స్టేషన్ నుంచి ట్రాలీ ఆటోలో. గోనె చిరిగింది, ముందు లైటు పగిలింది, ఒక పక్క అద్దం లేదు. నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. వారం నుంచి దాచుకున్న మాట ఆయన నాలుక చివర ఉందని మాకందరికీ తెలుసు. మామగారు వంగి లైటు గాజు పెంకులు ఏరుతున్నారు. తల ఎత్తలేదు.

నాన్న స్కూటర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వియ్యంకుడి వైపు చూశాడు.

"రైల్ల ఒచ్చింది గాబట్టి గింతతోని పోయింది బావా. నా లారీల ఏస్తే బండే మిగలకపోతుండె" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నాన్న తన లారీ మీద ఈగ వాలనివ్వడం నేను చూడలేదు. ఆయన నోట అంత పెద్ద అబద్ధం రావడం అదే మొదటిసారి. అది అబద్ధమని మామగారికీ తెలుసు. ఆయన మెల్లగా లేచి, చేతులు దులుపుకుని, కళ్లజోడు సర్దుకున్నారు.

"మరే, నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే కదండీ బావగారూ. మీ లారీల్లో కుదుపులెక్కువ."

నాన్న పళ్లు బిగబట్టి, అవునన్నట్టు తల ఊపాడు.