హొన్నప్పకు రాని జబ్బు లేదు

ముందు దగ్గు వినిపించేది. ఎండిన జొన్నకట్టెను విరిచినట్టు, రెండుసార్లు. తర్వాత సందు మలుపులో పసుపుపచ్చ మాస్కు, దాని వెనక మా ఊరి సంఘం పెద్ద హొన్నప్ప మామ. కప్పగల్లులో ఎవరు ఏ జబ్బు పేరెత్తినా అది ఆయనకు ముందే వచ్చిపోయి ఉండేది. ఒకసారి కాన్పు నొప్పులు కూడా తనకు తెలుసన్నాడు.

"ఎప్పుడు కంటివి మామా?" అంది పక్కింటి పక్కీరమ్మ.

"కనలేదు. నొప్పులు మాత్రం వచ్చె."

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకునే పని మా సంఘం తీసుకుంది. మీకేం కావాలని అధికారి అడిగితే నేను మాస్కులు, థర్మామీటర్లు, వేలికి పెట్టి ఊపిరి చూసే మీటర్లు అని రాశాను. మామ కింద ఇంకో వరుస రాయించాడు: సైరన్ లేని ఆటో. ఎవరి వాకిలికీ కరోనా బోర్డు కొట్టకూడదు. అధికారి నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు.

సరుకంతా వచ్చింది. జ్వరాలే రాలేదు. "మేము బాగుండాము" అని తలుపులు మూసుకునేవి.

సుంకలమ్మ ఇంట్లో మూడు రోజులుగా లోపలిగది కిటికీ తెరవలేదు. కొడుకు గురురాజ్ గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"మాయమ్మ ఈడ లేదు. హచ్చొళ్ళికి పోయుండాది."

మామ అరుగు మీద కూలబడ్డాడు. "పోనీలేప్పా. నాకే బాగలేదు. వారం నుంచి కారం తెలీదు, వాసన తెలీదు. నిన్న నాలుగు మెట్లెక్కితే ఊపిరందలే. మీయమ్మ ఉంటే చెప్పుకుందామనుకుంటి."

లోపలి నుంచి నూలుపోగంత సన్నటి గొంతు: "నాకూ అంతే హొన్నప్పా... కారం తెలీడం లే."

హచ్చొళ్ళి అంత దగ్గరని నాకప్పుడే తెలిసింది.

గురురాజ్ తల దించుకుని పక్కకు జరిగాడు. మీటరు ఎనభై ఆరు చూపింది. తొంభై నాలుగు దాటి ఉండాలి.

"నాది ఇంకా తక్కువమ్మా," అన్నాడు మామ తొణక్కుండా. "రా, ఆస్పత్రికి పోదాము. ఒక్కణ్ణే పోవాలంటే నాకు భయం."

ఆటో వచ్చింది, ఎవరో కౌల్ బజారుకు సరుకులకు పోతున్నట్టు. ఒక్క కిటికీ తెరుచుకోలేదు.

పన్నెండో రోజు సుంకలమ్మ తన కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చింది. అప్పటికి మా పుస్తకంలో ముప్పై ఒక్క జ్వరాలు. అన్నీ ఎవరికి వారు పిలిచి చెప్పినవే. పెద్ద పెద్ద సైరన్ బండ్లు తెరిపించలేని తలుపులు మా సంఘానికి తెరుచుకున్నాయి.

ఆస్పత్రిలో మామకూ పరీక్షలు చేశారు. కరోనా లేదు, చక్కెర లేదు, ఊపిరి ఎద్దు ఊపిరి. సుంకలమ్మ ఇంటికొచ్చిన రోజే అడిగేశాను.

"మామా, నీకు ఒక్క జబ్బూ లేదంట కదా?"

ఆయన సందు అటూ ఇటూ చూసి, మాస్కు పైకి లాక్కున్నాడు.

"మెల్లగా మాట్లాడు. ఇంకా నాలుగిండ్లోళ్ళు నోరు తెరవలే. అందాకా నాకు జ్వరం ఉండల్ల."