ఫ్లోరెన్స్ రాయని అసిస్టులు

బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ అంటే ఎవరని అడిగితే నేను ఒకటే చెబుతాను. పెళ్ళి భోజనాల్లో వడ్డించే మనిషి. ఎవరి విస్తట్లో ఏం పడాలో అన్నీ తనే చూసుకుంటాడు, తను తిన్నాడో లేదో మాత్రం ఎవరూ అడగరు. ఆటలో కూడా అంతే. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి అందిస్తే బాస్కెట్ పడుతుందో కనిపెట్టి ఇవ్వాలి. అలా ఇచ్చిన పాస్‌తో నేరుగా బాస్కెట్ పడితే దాన్ని అసిస్ట్ అంటారు. ఆ అసిస్టుల పుణ్యమా అని ఈ ఏడాది మా ఇంట్లో మూడు వారాలు అన్నం సరిగ్గా ఉడకలేదు.

మేముండేది దేశం కాని దేశంలో, మనురేవా అనే ఊళ్ళో. నా పేరు దేవపాల్, బస్సు నడుపుతాను. ఇక్కడ హైస్కూల్‌నే కాలేజీ అంటారు, పదమూడో తరగతి దాకా ఉంటుంది. మా అమ్మాయి షీనా చదివిన కాలేజీకి యాభై ఏళ్ళు నిండాయని, జిమ్ గోడకు ఒక చెక్క పలక తగిలిస్తామన్నారు. అమ్మాయిల జట్టు చరిత్రలో అందరికన్నా గొప్ప పాయింట్ గార్డ్ పేరు దాని మీద ఉంటుందట. ఒక్క పేరే. ఇంకేముంది, పాత విద్యార్థులంతా రెండు ముక్కలయ్యారు. సగం మంది షీనా అన్నారు. సగం మంది మెలె అన్నారు. మెలె టోంగా దీవుల పిల్ల, షీనా కాలేజీ వదిలాక జట్టులోకి వచ్చింది. నేను ఎటువైపో వేరే చెప్పాలా? మా సందు చివర డైరీకి, అంటే ఇక్కడి చిల్లర కొట్టుకి, పాల కోసం వెళ్ళి, ఆ కొట్టతనితో అరగంట వాదించి, పాలు అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంత గోలలో నోరు విప్పనిది ఒక్క మనిషే. మా ఆవిడ ఫ్లోరెన్స్. నిజానికి విప్పాల్సింది ఆవిడే, ఎందుకంటే జట్టు స్కోరు పుస్తకం ఆవిడది.

ఫ్లోరెన్స్‌ది బాపట్ల. గుంటూరులో నర్సింగ్ చదివింది. ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళు, పెద్దవాళ్ళను చూసుకునే రెస్ట్ హోమ్‌లో నర్సు. మనిషి ఐదడుగులు ఉంటుంది, జేబులో మాత్రం ఎప్పుడూ నాలుగు పెన్నులుంటాయి. రాయనిది జరగనట్టే అని వాళ్ళకు ఉద్యోగంలో మొదటి రోజే నూరిపోస్తారట. ఒక పెద్దాయనకు మాత్ర ఇచ్చినా, పక్క మీద అటు నుంచి ఇటు తిప్పినా, టైముతో సహా రాయాల్సిందే. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. మా ఫ్రిజ్‌లో పచ్చడి సీసా మీద తేదీ ఉంటుంది. నేను క్షవరం ఎప్పుడు చేయించుకున్నానో క్యాలెండర్‌లో ఉంటుంది. ఇలాంటి మనిషితో కాపురం చేసేవాడికి అబద్ధం ఆడే సౌకర్యం ఉండదు.

షీనా తొమ్మిదో తరగతిలో జట్టులో చేరిన కొత్తలో ఒక శనివారం స్కోరు రాసే మనిషి రాలేదు. కోచ్ విరెము మా వైపు తిరిగి, ఎవరి దగ్గరైనా పెన్ను ఉందా అని అరిచాడు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చిన మా ఆవిడ నాలుగూ తీసి చూపించింది. ఆ రోజు స్కోరు టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి పద్నాలుగేళ్ళయినా లేవలేదు. షీనా చదువు అయిపోయి వెళ్ళిపోయినా ప్రతి శనివారం వెళ్ళి కూర్చుంటుంది. పాయింట్లు, ఫౌల్స్, అసిస్టులు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది. "ఫ్లోరెన్స్ బుక్ అబద్ధం చెప్పదు," అని విరెము ఎదుటి జట్ల కోచ్‌లకు కూడా చెబుతాడు.

అందుకే పలక పెట్టిస్తున్న కమిటీవాళ్ళు ఈ వాదనలన్నీ ఎందుకు, ఫ్లోరెన్స్ బుక్‌లో ఎవరికి అసిస్టులు ఎక్కువుంటే వాళ్ళ పేరే పెడదామన్నారు. కూడారు. మెలెకు మూడు వందల పదకొండు. షీనాకు మూడు వందల నాలుగు.

ఏడంటే ఏడు! నాకు ఒళ్ళు మండిపోయింది. నా దగ్గర పాత వీడియోలున్నాయి. షీనా ఆడేటప్పుడు నేను అరిచే అరుపులకు రిఫరీ రెండుసార్లు నన్ను జిమ్ బయటికి పంపించాడు. చేతికి కెమెరా ఇస్తే నోరు మూసుకుంటాడని విరెము నాకు వీడియో తీసే పని అప్పగించాడు. మూసుకోలేదు. ఆ వీడియోలన్నిట్లో నా గొంతే వినబడుతుంది. అయితే పాసులు కూడా స్పష్టంగా కనబడతాయి.

ఆదివారం చర్చి నుంచి రాగానే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వీడియో వేశాను. మొదట వేసిన మ్యాచ్‌లోనే తేడా దొరికింది. వీడియోలో తొమ్మిది, పుస్తకంలో ఆరు. మళ్ళీ వేసి చూశాను, తొమ్మిదే. పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

"ఏంటే ఇది? పిల్ల తొమ్మిది అసిస్టులిస్తే ఆరు రాస్తావా? కళ్ళు కనబళ్ళేదా నీకు?"

"కాస్త మెల్లగా అనండి. పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ! కనబళ్ళేదా అని అడుగుతున్నా."

ఫ్లోరెన్స్ కోడికూర కింద మంట తగ్గించింది. గరిటె పక్కన పెట్టింది. "కనబడ్డాయండీ," అంది.

"మరెందుకు రాయలేదు?"

"అమ్మే రాస్తుంది కాబట్టి కూతురికి అన్ని వచ్చాయి అంటారని."

అప్పుడు చెప్పింది. మొదటి ఏడాది ఎవరో తల్లి, పెన్ను మీ చేతిలోనే ఉందిగా, మీ అమ్మాయికేం ఢోకా లేదు అని నవ్వుతూ అందట. అన్నావిడ అనేసి వెళ్ళిపోయింది. ఆ ముఖం నాకు గుర్తు కూడా లేదు. ఫ్లోరెన్స్‌కు తేదీతో సహా గుర్తుంది. ఆనాటి నుంచి ఏ పాస్ మీద వెంట్రుకంత అనుమానం వచ్చినా, వేరే పిల్లలదైతే రాసింది, షీనాదైతే వదిలేసింది. పోనుపోను అనుమానం లేనివి కూడా వదిలేసింది. పరాయి పిల్లలకు అన్యాయం చేయకూడదని సొంత పిల్లకు ఐదేళ్ళు అన్యాయం చేసింది మహాతల్లి.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. పన్నెండో తరగతిలో ఉండగా ఒక మ్యాచ్ అయ్యాక షీనా చెమటలు కక్కుతూ టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "మమ్, ఇవాళ పది కదా?" అని అడిగింది. "ఏడు," అంది వాళ్ళమ్మ. పిల్ల పది అంటుంది, తల్లి బుక్‌లో ఉన్నదే ఉన్నది అంటుంది. ఆ తర్వాత షీనా ఆ పుస్తకం వైపు చూడలేదు. ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఫిజియోథెరపిస్టు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. నాతో అరగంట లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుతుంది. వాళ్ళమ్మతో తిన్నావా, తిన్నాను, జాగ్రత్త, సరే. రెండు నిమిషాలు. ఆ తర్వాత ఫ్లోరెన్స్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంటుంది.

"ఈ వీడియోలన్నీ ఇప్పుడే కమిటీకి పంపిస్తున్నా," అన్నాను.

"పంపకండి. పుస్తకం నాది, తప్పు నాది. చెప్పేది నేనే."

"చెబితే పద్నాలుగేళ్ళ నీ పేరు గంగలో కలుస్తుంది. ఇంక నీ బుక్ ఎవడు నమ్ముతాడు?"

"పోతే పోనివ్వండి. పిల్ల దూరమైంది చాలదా?"

అంత ధైర్యంగా అన్న మనిషి ఆ వారమంతా అన్నం కెలికి వదిలేసింది. చెప్పాల్సిన మాటలు ఇంగ్లీషులో రాసుకుని, బాత్‌రూమ్ తలుపేసుకుని చదువుకునేది. నేను బయట నిలబడి వినేవాడిని. ప్రతిసారీ రెండో వాక్యం దగ్గర ఆగిపోయేది.

శనివారం పొద్దున యాభై ఏళ్ళ వేడుకకు జిమ్ నిండిపోయింది. టీ, స్కోన్లనే బన్నులు, బయట బ్రెడ్డులో సాసేజ్‌లు. షీనా ముందురోజే విమానంలో వచ్చింది, మధ్యాహ్నం పాత విద్యార్థినుల మ్యాచ్ ఆడాలని బూట్లు కూడా తెచ్చుకుంది. విరెము మైకు పట్టుకుని పుస్తకం పైకెత్తి, "మన ఫ్లోరెన్స్ బుక్ ప్రకారం," అని మొదలుపెట్టాడు. అంతలో మా ఆవిడ లేచింది. చేతిలో రాసుకున్న కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టేసుకుని, చూడకుండానే మాట్లాడింది.

"ఆ పుస్తకంలో షీనా పేరుకు ఎదురుగా ఉన్నవి నమ్మకండి. తక్కువ రాశాను. నా కూతురని తక్కువ రాశాను. మిగిలిన పిల్లలవన్నీ సరైనవే."

విరెము మైకు దించి, "ఎన్ని తక్కువ రాశావు, ఫ్లోరెన్స్?" అని మెల్లగా అడిగాడు.

"తెలియదు. రాయలేదు కదా."

ఎవరూ నవ్వలేదు. నేను షీనా వైపు చూశాను. అది వాళ్ళమ్మనే రెప్ప వేయకుండా చూస్తోంది. పుస్తకం పనికిరాదు కాబట్టి చేతులెత్తి తేల్చుకుందామని కమిటీ అంది. నేను రెండు చేతులూ ఎత్తాను, ఒకటి దించమన్నారు. మెలెకు నలభై ఆరు, షీనాకు ముప్పై తొమ్మిది. మళ్ళీ ఏడే! పైగా ఆ నలభై ఆరులో ఒక చెయ్యి మా షీనాది.

"ఏం పని చేశావే నువ్వు?" అని కసిరాను.

"డాడ్, తను నాకన్నా బాగా ఆడుతుంది. నువ్వు ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఏం చెప్పమంటారు?

షీనా వాళ్ళమ్మ దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్ళి సిగ్గు లేకుండా పక్కనే నిలబడ్డాను. తెలుగు అర్థమవుతుంది కానీ మా పిల్ల మాట్లాడేది ఇంగ్లీషే.

"పాస్ ఇచ్చిన ప్రతిసారీ నీ వైపే చూసేదాన్ని, మమ్. నువ్వెప్పుడూ తల దించుకునే ఉండేదానివి. నా ఆట నీకు నచ్చదనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

"తలెత్తితే చప్పట్లు కొట్టేస్తానని భయం, తల్లీ. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళు కొట్టకూడదు. నువ్వెంత బాగా ఆడేదానివో నీకేం తెలుసు!"

షీనా వాళ్ళమ్మ జేబులోంచి నాలుగు పెన్నులూ ఒక్కొక్కటిగా తీసి, తీసుకెళ్ళి విరెము చేతిలో పెట్టింది. ఈ మ్యాచ్ నువ్వు రాసుకో అంది.

మధ్యాహ్నం పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఫ్లోరెన్స్ నా పక్కన స్టాండ్స్‌లో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది. షీనా, మెలె ఒకే జట్టు. మూడో నిమిషంలో షీనా బంతి తీసుకుని ముందుకొచ్చింది, ఇద్దరి మధ్య సందులోంచి చూడకుండానే మెలెకు అందించింది. బాస్కెట్! నేను నోరు తెరిచేలోపే పక్కన ఏదో పేలినట్టయింది. హ్యాండ్‌బ్యాగు కింద పడింది. మా ఆవిడ లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొడుతూ టేబుల్ వైపు అరుస్తోంది.

"అసిస్ట్! విరెము, అది అసిస్ట్! రాసుకో!"

జిమ్ మొత్తం తిరిగి చూసింది. రిఫరీ కూడా చూశాడు. రెండుసార్లు బయటికి వెళ్ళిన అనుభవంతో నేను ఆవిడ చెయ్యి పట్టి లాగాను, విదిలించుకుంది. షీనా అక్కడే నిలబడిపోయి వాళ్ళమ్మనే చూస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. ఆ ధ్యాసలో తన దగ్గరికి బంతి మళ్ళీ రావడం చూసుకోలేదు, ఎదుటి జట్టు పిల్ల వచ్చి దాన్ని షీనా చేతిలోంచి లాగేసుకుని పోయింది.

ఫ్లోరెన్స్ కళ్ళు తుడుచుకుంది.

"అది కూడా రాసుకో!" అని అరిచింది.